శాసనసభ కమిటీలు నిర్ణయాలను ఎలా మలుస్తాయి: నల్లగొండ, పాలమూరు ప్రజలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండలో 12 స్థానాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14. అంటే 119 మంది శాసనసభలో 26 మంది మన వైపు నుంచి గెలిచినవాళ్లే. సభలో వాళ్లు మాట్లాడేది టీవీలో చూస్తాం. కమిటీ గదిలో వాళ్లు ఏ కాగితం తెప్పించారో, ఏ అధికారిని ఏమడిగారో మనకు తెలియదు. కింది ప్రశ్నలన్నీ ఆ రెండో పని గురించే.

నిర్ణయం తీసుకునేది సభ, అమలు చేసేది ప్రభుత్వం. మధ్యలో కమిటీ ఎందుకు?

119 మంది ఒకేసారి కూర్చుని ఒక కాలువ బిల్లును లెక్క చూడలేరు. ఆ పనికి పది పన్నెండు మంది చాలు. రాజ్యాంగంలోని 208వ అధికరణ ప్రకారం ప్రతి శాసనసభా తన నిబంధనలను తానే రాసుకుంటుంది. కమిటీలు ఆ నిబంధనల నుంచే వచ్చాయి. 194వ అధికరణ సభకు ఇచ్చిన హక్కులు కమిటీలకూ వర్తిస్తాయి.

కమిటీ జీవో ఇవ్వలేదు, పైసా మంజూరు చేయలేదు, ఒక్క ఉద్యోగిని కూడా సస్పెండ్ చేయలేదు. దాని బలం వేరే చోట ఉంది. ఒక శాఖ ముఖ్య కార్యదర్శిని పిలిచి, ఫైలు ముందు పెట్టించి, సమాధానాన్ని రాతలో తీసుకోగలదు. సభలో మంత్రి నోటిమాటతో దాటేసిన ప్రశ్నను కమిటీలో అధికారి అలా దాటేయలేరు. రాసిచ్చిన లెక్క తప్పని తేలితే అది సభాహక్కుల ఉల్లంఘన దాకా వెళ్లవచ్చు. ఆ భయంతోనే చాలా శాఖలు కమిటీ పిలిచేలోపే లోపాలు సరిదిద్దుకుంటాయి.

తెలంగాణలో ఏయే కమిటీలున్నాయి?

డబ్బు లెక్క చూసేవి మూడు: ప్రజాపద్దుల కమిటీ, అంటే పీఏసీ; అంచనాల కమిటీ; ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, అంటే పీయూసీ. సభ నడక చూసేవి సభా వ్యవహారాల సలహా కమిటీ, నిబంధనల కమిటీ. సభ్యుల నడవడిని, హక్కులను చూసేవి సభాహక్కుల కమిటీ, నైతిక విలువల కమిటీ. ప్రజలకు దగ్గరగా ఉండేవి వినతుల కమిటీ, ప్రభుత్వ హామీల కమిటీ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళా శిశు సంక్షేమ కమిటీలు, వన్యప్రాణి పర్యావరణ పరిరక్షణ కమిటీ.

పీఏసీలో 13 మంది ఉంటారు: 9 మంది ఎమ్మెల్యేలు, 4 గురు ఎమ్మెల్సీలు. మంత్రి ఎవరూ ఉండకూడదు. సభ్యుడు మధ్యలో మంత్రి అయితే కమిటీ నుంచి తప్పుకోవాలి. తన శాఖ లెక్కను తానే విచారించకూడదనేది దీని వెనకున్న సూత్రం.

2024 సెప్టెంబరులో ప్రకటించిన ఆర్థిక కమిటీల్లో అంచనాల కమిటీకి కోదాడ ఎమ్మెల్యే పద్మావతి రెడ్డి, పీయూసీకి షాద్‌నగర్ ఎమ్మెల్యే శంకరయ్య అధ్యక్షులయ్యారు. ఒకరిది ఉమ్మడి నల్లగొండ, మరొకరిది ఉమ్మడి పాలమూరు. శాసనమండలి చైర్మన్ గుత్తా సుఖేందర్ రెడ్డిదీ నల్లగొండ జిల్లానే. మన సమస్యకు తలుపు దూరంగా ఏమీ లేదు. ఏ సమస్యకు ఏ తలుపు తట్టాలో తెలియకపోవడమే అసలు ఇబ్బంది.

సభ ఎన్ని రోజులు జరగాలో ఎవరు నిర్ణయిస్తారు?

సభా వ్యవహారాల సలహా కమిటీ. అందరూ బీఏసీ అంటారు. స్పీకర్ అధ్యక్షత వహిస్తారు, ముఖ్యమంత్రి, శాసనసభా వ్యవహారాల మంత్రి, పార్టీల సభానాయకులు కూర్చుంటారు. ఎన్ని రోజులు, ఏ అంశానికి ఎన్ని గంటలు, ఏ బిల్లు ఏ రోజు అన్నది ఇక్కడే తేలుతుంది. ఫ్లోరోసిస్ మీదో, ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం మీదో చర్చకు రెండు గంటలు దొరుకుతాయా, అసలు దొరకవా అన్నది ఈ గదిలో నిర్ణయమవుతుంది. 2024 డిసెంబరులో సభ ఎన్ని రోజులు జరగాలన్న విషయం మీదే బీఆర్ఎస్, మజ్లిస్ సభ్యులు బీఏసీ నుంచి బయటికి వచ్చేశారు. కాబట్టి ఫలానా అంశం చర్చకు రావాలని ఎమ్మెల్యేను అడగాలంటే సమావేశాల మధ్యలో కాకుండా, బీఏసీ కూర్చోకముందే అడగాలి. పార్టీ సభానాయకుడి చేతికి మీ అంశం అప్పటికే చేరి ఉండాలి.

బిల్లులు కమిటీకి వెళ్తాయా?

వెళ్లవచ్చు. ఆచరణలో దాదాపు వెళ్లవు. మన రాష్ట్ర శాసన ప్రక్రియలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదేనని మా అభిప్రాయం.

పట్టాదారు ప్రతి ఒక్కరినీ తాకిన రెండు చట్టాలు చూడండి. భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల బిల్లును 2020 సెప్టెంబరు 9న శాసనసభలో పెట్టారు, 11న ఆమోదించారు. భూ రికార్డుల పోర్టల్ ధరణి దాని మీదే నడిచింది. దాన్ని మార్చడానికి తెచ్చిన భూభారతి బిల్లును 2024 డిసెంబరు 18న పెట్టారు, 20న ఆమోదించారు. రెంటికీ మూడేసి రోజులు. రెంటికీ కమిటీ లేదు. భూభారతి విషయంలో ఒక మేలు జరిగింది: ముసాయిదాను 2024 ఆగస్టులోనే బయటపెట్టి సలహాలు అడిగారు. చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ముందుగా ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి.

అదే బిల్లు సెలెక్ట్ కమిటీకి, అంటే ఒక్క బిల్లును పరిశీలించడానికే వేసే సభ్యుల కమిటీకి, వెళ్లి ఉంటే ఏం జరిగేది? కమిటీ ఒక్కో సెక్షన్‌నూ చదివేది. తహసీల్దార్లను, సర్వేయర్లను, కౌలు రైతులను, న్యాయవాదులను పిలిచేది. ‘ఆన్‌లైన్‌లో విస్తీర్ణం తప్పు పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో సరిచేయాలి’ అన్న ప్రశ్న చట్టం కాకముందే వచ్చేది. 2020 చట్టం తర్వాత రైతులు ఏళ్ల తరబడి కలెక్టరేట్ చుట్టూ తిరిగింది ఈ ప్రశ్నకు సరైన జవాబు చట్టంలో లేకనే. సాదాబైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాలు), నిషేధిత జాబితాలో పడ్డ పట్టా భూములు, ఇవేవీ తెలియని సమస్యలు కావు. ఊళ్లో ప్రతి రైతుకూ తెలుసు. వాళ్ల మాట బిల్లులోకి చేరే దారి లేకుండా పోయింది.

సెలెక్ట్ కమిటీకి పంపితే బిల్లు అటకెక్కినట్టే అంటారు. నిజమేనా?

కమిటీ వేశారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు మండలి చైర్మన్ ప్రకటించారు. కమిటీ మాత్రం ఏర్పడలేదు. ఏర్పడని కమిటీ బిల్లును మెరుగుపరచలేదు, వివాదాన్ని పొడిగించగలదు అంతే.

పద్ధతిగా పంపాలంటే తీర్మానంలో మూడు విషయాలుండాలి: సభ్యుల పేర్లు, నివేదిక ఇవ్వాల్సిన తేదీ, ఉభయ సభల సభ్యులతో వేయాలా ఒక్క సభతోనా అన్నది. తేదీ రాయకపోతే కాలయాపనకు తలుపు తెరిచినట్టే. మండలి ఒక్కటే బిల్లును ఎల్లకాలం ఆపలేదు కూడా. 197వ అధికరణ ప్రకారం మామూలు బిల్లును మొదటిసారి 3 నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే మరో నెల. ద్రవ్యబిల్లయితే 14 రోజులే.

బడ్జెట్‌ను కమిటీలు ముందుగా పరిశీలిస్తాయా?

పార్లమెంటులో 1993 నుంచి శాఖల వారీ స్థాయీ సంఘాలున్నాయి, శాఖల ఖర్చు ప్రతిపాదనలైన పద్దులను అవి చదివాకే సభ చర్చిస్తుంది. కేరళలో 1980 నుంచి విషయ కమిటీలు ఇదే పని చేస్తున్నాయి. మన దగ్గర పద్దులు నేరుగా సభకే వస్తాయి. 2024-25 బడ్జెట్ 2,91,159 కోట్లు. ఆ పద్దుల మీద 2024 జులై 29న మొదలైన చర్చ మర్నాడు తెల్లవారుజామున 3 దాటేదాకా నడిచింది, ఒక్కరోజే 19 పద్దులు. సభ్యులు ఎంత శ్రద్ధగా కూర్చున్నా, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు కేటాయించిన మొత్తంలో పాత బిల్లుల బకాయి ఎంత, కొత్త పనికి ఎంత అని విడదీసి అడిగే తీరిక ఆ వేళలో ఉండదు. కమిటీలో అయితే ఒక్క సాగునీటి శాఖకే రెండు రోజులు పెట్టవచ్చు.

పీఏసీ నిజంగా ఎలా పనిచేస్తుంది?

అకౌంటెంట్ జనరల్ కార్యాలయం ఆడిట్ బృందం మీ జిల్లాలోని ఒక డివిజన్ కార్యాలయానికి వచ్చి రికార్డులు చూడటంతో పని మొదలవుతుంది. అభ్యంతరాలను మెమోలుగా ఇస్తారు. అక్కడే సరైన సమాధానం, రశీదు చూపిస్తే చాలా వాటికి అక్కడితోనే తెరపడుతుంది. మిగిలినవి తనిఖీ నివేదికలోకి వెళ్తాయి. పెద్దవి ముసాయిదా పేరాలుగా (ఒక్కో అభ్యంతరం ఒక్కో పేరా) శాఖ కార్యదర్శికి చేరతాయి, జవాబుకు 6 వారాల గడువు. ఆ తర్వాతే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక. 151వ అధికరణ ప్రకారం అది గవర్నర్‌కు అందుతుంది, ప్రభుత్వం సభ ముందు పెడుతుంది.

సభ ముందుకు వచ్చిన రోజు నుంచి పీఏసీ పాత్ర మొదలవుతుంది. కమిటీ అడిగినా అడగకపోయినా 3 నెలల్లో శాఖ ప్రతి పేరాకూ వివరణ పంపాలి. ఇక్కడే మొదటి గండి పడుతుంది. వివరణలు రావు, లేదా ‘వివరాలు సేకరిస్తున్నాం’ అన్న ఒక్క వాక్యం వస్తుంది. వివరణ లేకుండా కమిటీ విచారణ పెడితే అధికారులు వాయిదా అడుగుతారు.

విచారణ రోజు ముఖ్య కార్యదర్శి, శాఖాధిపతి వస్తారు. అకౌంటెంట్ జనరల్ కమిటీ పక్కన కూర్చుని, శాఖ చెప్పినదానికీ రికార్డుకూ తేడా ఉంటే చూపిస్తారు. మంత్రిని పిలవరు. కారణం ఉంది: విధానానికి మంత్రి సభలో జవాబు చెబుతారు, ఖర్చుకు అధికారి కమిటీలో జవాబు చెబుతారు. ఆ తర్వాత కమిటీ సిఫారసులతో నివేదిక ఇస్తుంది. 6 నెలల్లో శాఖ తీసుకున్న చర్యల పట్టిక పంపాలి.

కమిటీలో మంచి ప్రశ్న ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ ఇవ్వగలరా?

మిర్యాలగూడ వైపు అందరికీ తెలిసిన సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) తీసుకుందాం. ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లుకు ఇస్తుంది, మిల్లు మరపట్టించి బియ్యం తిరిగి ఇవ్వాలి. క్వింటాలు వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68. అంటే వెయ్యి క్వింటాళ్లకు 670 లేదా 680 క్వింటాళ్లు.

‘మిల్లర్ల మీద చర్య తీసుకున్నారా?’ అన్నది బలహీనమైన ప్రశ్న. ‘నోటీసులిచ్చాం’ అని అధికారి చెబితే అక్కడితో ఆగిపోతుంది. బలమైన ప్రశ్నల వరస ఇలా ఉంటుంది: ఫలానా సీజన్‌లో ఈ మిల్లుకు ఎన్ని క్వింటాళ్లు ఇచ్చారు? మిల్లు రోజువారీ సామర్థ్యం ఎంత? ఆ సామర్థ్యంతో గడువులోగా అంత సరుకు ఆడించడం సాధ్యమేనా? సాధ్యం కాదని తెలిసీ కేటాయింపు పత్రం మీద సంతకం చేసింది ఎవరు? బ్యాంకు గ్యారంటీ ఎంతకు తీసుకున్నారు, గడువు తీరాక దాన్ని వాడారా? నిల్వ తనిఖీ ఏ తేదీన చేశారు, బస్తాలు లెక్కపెట్టారా, గోడౌన్ కొలతలతో అంచనా వేశారా?

యాసంగి వడ్లు ఎండలకు పగిలి రా రైస్‌లో నూక ఎక్కువ వస్తుందని మిల్లర్లు చెబుతారు. అది నిజమే. అయితే నూక వల్ల తగ్గిన బియ్యం వేరు, అసలు మిల్లులో లేకుండా పోయిన వడ్లు వేరు. ఈ రెంటినీ కలిపేసి జవాబు చెప్పకుండా చూడటం సభ్యుల బాధ్యత. పౌర సరఫరాల సంస్థ ప్రభుత్వ సంస్థ కాబట్టి ఇది పీయూసీ కిందికి కూడా వస్తుంది. టీజీఎస్పీడీసీఎల్ (దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ), ఆర్టీసీ, జెన్‌కో కూడా అంతే. దామరచర్ల దగ్గరి 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం లెక్కలు అడగాల్సిన చోటు కూడా ఇదే. సంస్థల రోజువారీ నిర్వహణలోకి మాత్రం పీయూసీ దిగదు. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే విద్యుత్ ఏఈనే అడగాలి. ఒక డివిజన్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు పదేపదే ఎందుకు కాలుతున్నాయి, మరమ్మతుకు ఏటా ఎంత పోతోంది అన్నది కమిటీ ప్రశ్న.

అంచనాల కమిటీకీ పీఏసీకీ తేడా ఏమిటి?

పీఏసీ అయిపోయిన ఖర్చును చూస్తుంది. అంచనాల కమిటీ అదే పనిని తక్కువ ఖర్చుతో, మెరుగ్గా ఎలా చేయవచ్చో చూస్తుంది. దాని నివేదిక వచ్చేదాకా సభ పద్దుల ఆమోదం ఆపదు. అందుకే దాని ప్రభావం ఆ ఏటి బడ్జెట్‌లో కాకుండా తర్వాతి ఏళ్లలో కనిపిస్తుంది.

పీఏసీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికే ఇవ్వాలా?

సంప్రదాయం అది. లోక్‌సభలో 1967 నుంచి పాటిస్తున్నారు. సభ్యులను ఎన్నుకునేది సభ, అధ్యక్షుడిని నియమించేది స్పీకర్. తెలంగాణలో 2019లో మజ్లిస్ నాయకుడు అక్బరుద్దీన్ ఒవైసీ అధ్యక్షులయ్యారు. 2024లో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన అరెకపూడి గాంధీని నియమించారు. ఆయన కాంగ్రెస్ వైపు వెళ్లారని, తాము సూచించిన పేరును పక్కనపెట్టారని బీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. ఆయన మాత్రం తాను ప్రతిపక్ష సభ్యుడినేనన్నారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఒక సూత్రం మారకూడదు: లెక్క చెప్పాల్సినవాళ్లు, లెక్క అడిగేవాళ్లు ఒకరే కాకూడదు. అధ్యక్షుడి చేతిలో ఏ పేరా ముందు విచారించాలన్న ఎంపిక ఉంటుంది. ఇబ్బందిపెట్టే పేరాను చివరికి నెట్టేస్తే దానికి వంతు వచ్చేసరికి సభ గడువే ముగియవచ్చు.

మంత్రి సభలో మా చెరువు గురించి మాట ఇచ్చారు. ఏడాదైంది. ఇప్పుడేం చేయాలి?

హామీల కమిటీ ఉన్నది దీనికే. ‘పరిశీలిస్తాం’, ‘వివరాలు తెప్పించి సభ ముందు పెడతాం’, ‘ఈ ఏడాది పూర్తి చేస్తాం’ లాంటి మాటలను కార్యాలయం సభా కార్యక్రమాల రికార్డు నుంచి ఏరి జాబితా చేసి శాఖకు పంపుతుంది. శాఖ నెరవేర్చినట్టు చూపాలి, లేదా గడువు పొడిగింపు అడగాలి, లేదా వదిలేయడానికి కారణం చెప్పాలి.

మీరు చేయాల్సింది: ఆ మాట ఏ తేదీన, ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో పట్టుకోవడం. ప్రశ్న సంఖ్య దొరికితే పని సులువు. ‘మంత్రిగారు అప్పుడెప్పుడో చెప్పారు’ అంటే ఎవరూ వెతకరు. బహిరంగ సభలో, పర్యటనలో ఇచ్చిన మాటలు లెక్కలోకి రావు. సభ లోపల చెప్పినవే హామీలు.

వినతుల కమిటీకి అర్జీ ఎలా పెట్టాలి?

కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చే అర్జీ లాంటిది కాదు ఇది. సభను ఉద్దేశించి రాయాలి, ఎమ్మెల్యే ద్వారా, ఆయన సంతకంతో సభకు సమర్పించాలి. ప్రజలందరికీ సంబంధించిన విషయమై ఉండాలి. భాష మర్యాదగా ఉండాలి. అర్జీదారుల పేర్లు, ఊర్లు, సంతకాలు స్పష్టంగా ఉండాలి. వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం పెట్టించండి. చివర మీరు కోరేది ఒకే వాక్యంలో ఉండాలి.

తిరిగొచ్చే అర్జీలకు కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: విషయం కోర్టులో ఉండటం, అన్నదమ్ముల భూమి తగాదా కావడం, ఉద్యోగి బదిలీ లేదా పదోన్నతి గొడవ కావడం, చట్టంలో వేరే పరిష్కారం ఉన్నా దాన్ని వాడుకోకపోవడం, ఒకే కాగితంలో రోడ్డు, బడి, పింఛన్, నీళ్లు అన్నీ కలిపేయడం.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతపు ఊరొకటి తాగునీటి మీద అర్జీ రాస్తోందనుకుందాం. ‘మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది’ అని రాస్తే శాఖ ‘మిషన్ భగీరథ నీరు సరఫరా అవుతోంది’ అని జవాబిస్తుంది, ఫైలు మూతపడుతుంది. దాని బదులు ఏ బోరు లేదా ఏ నల్లా దగ్గర, ఏ తేదీన నమూనా తీశారో, ఏ ల్యాబ్ పరీక్షించిందో, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు వచ్చిందో రాయండి. తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము పరిమితి, వేరే దిక్కు లేనప్పుడు గరిష్ఠంగా 1.5. భగీరథ నీళ్లు గత నెలలో ఎన్ని రోజులు రాలేదో, ఆ రోజుల్లో జనం ఏ బోరు నీళ్లు తాగారో జత చేయండి. ఇప్పుడు శాఖ పైపులైను గురించి కాకుండా సరఫరా ఆగిన రోజుల గురించి జవాబు చెప్పాల్సి వస్తుంది.

కమిటీ మా జిల్లాకు వస్తే సామాన్యులు కలవవచ్చా?

సంక్షేమ కమిటీలు పర్యటనలకు వస్తాయి. హాస్టళ్లు, గురుకులాలు, తండాలు, గూడేలు చూసి కలెక్టరేట్‌లో సమీక్ష పెడతాయి. పర్యటన తేదీలు కలెక్టరేట్‌కు ముందే అందుతాయి, అక్కడ కనుక్కోండి. అమ్రాబాద్ వైపు చెంచు పెంటల నుంచైనా, దేవరకొండ తండాల నుంచైనా మాట్లాడేవారు ఇద్దరు ముగ్గురైతే చాలు. గుంపుగా వెళ్తే ఫొటోలు దిగడంతో సమయం అయిపోతుంది. ఒక్క పేజీ కాగితం, దాని మీద ఊరు, మండలం, సమస్య మొదలైన నెల, ఇప్పటికే ఎవరికి ఏ తేదీన అర్జీ ఇచ్చారు, ఏం జవాబొచ్చింది. ఒక ప్రతి అధ్యక్షుడికి, ఒకటి కమిటీతో వచ్చిన శాసనసభ కార్యాలయ అధికారికి ఇవ్వండి. రెండోది మరవద్దు. నివేదిక ముసాయిదా తయారయ్యేది ఆ కార్యాలయంలోనే.

తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. కమిటీ చూడబోయే హాస్టల్‌కు ముందురోజే రంగులు వేస్తారు, వంట మారుతుంది. గోడలు మారినా రిజిస్టర్లు ఒక్క రోజులో మారవు. హాజరు పట్టీలో పిల్లల సంఖ్యకూ బియ్యం ఖర్చుకూ పొంతన ఉందా అని సభ్యులు అడిగేలా మీ కాగితంలో ఆ ప్రశ్న రాయండి.

సభాసంఘం, మంత్రివర్గ ఉపసంఘం, విచారణ కమిషన్: మూడూ ఒకటేనా?

కాదు. సభాసంఘం ఒక ప్రత్యేక విషయం మీద స్పీకర్ వేసేది, అన్ని పార్టీల సభ్యులుంటారు, నివేదిక సభకు వస్తుంది. మంత్రివర్గ ఉపసంఘంలో అందరూ మంత్రులే, నివేదిక మంత్రివర్గానికి వెళ్తుంది. ఎస్సీ వర్గీకరణ మీద హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి నాయకత్వంలో వేసింది అలాంటిదే. విచారణ కమిషన్ 1952 చట్టం కింద ప్రభుత్వం నియమించేది. దాని నివేదికను, తీసుకున్న చర్యల వివరంతో కలిపి, 6 నెలల్లో సభ ముందు పెట్టాలి. కాళేశ్వరం మీద జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ ఈ కోవలోకే వస్తుంది.

శాసనసభ తీర్మానం ఇంకొకటి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో సభ ఏకగ్రీవంగా చేసిన తీర్మానం సభ అభిప్రాయాన్ని చెప్పింది. అది విచారణా కాదు, చట్టమూ కాదు.

జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలకూ వీటికీ సంబంధం ఉందా?

లేదు. జిల్లా పరిషత్తులో 7 స్థాయీ సంఘాలుంటాయి, అవి పంచాయతీరాజ్ చట్టం కిందివి.

కమిటీ సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలా?

తీరాలన్న నిబంధన లేదు. కాదన్నా కారణం మాత్రం రాయాలి. ఆ కారణం సరిగా లేదనిపిస్తే కమిటీ రెండో నివేదికలో అదే సిఫారసును మళ్లీ చేయవచ్చు. అప్పటికి సభ గడువు ముగిసి కమిటీ రద్దయితే? కొత్త కమిటీ పాత ఫైలు అందుకోవచ్చు, కానీ సభ్యులు కొత్తవాళ్లు, అధికారులు మారిపోయి ఉంటారు, పదవీ విరమణ చేసినవాళ్ల నుంచి రాబట్టేదీ ఏమీ ఉండదు.

మరి ఇవి ఎక్కడ దెబ్బతింటున్నాయి?

మొదటిది ఏర్పాటులోనే ఆలస్యం. 2018 డిసెంబరు ఎన్నికల తర్వాత ఆర్థిక కమిటీలు 2019 సెప్టెంబరులో వచ్చాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, కమిటీలు 2024 సెప్టెంబరులో వచ్చాయి. రెండుసార్లూ దాదాపు తొమ్మిది నెలలు. అయిదేళ్ల సభలో అంత కాలం లెక్క అడిగేవాళ్లు లేకుండా గడిచిందన్నమాట.

రెండోది, ఖర్చుకూ విచారణకూ మధ్య దూరం. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక సభ ముందుకు 2024 ఫిబ్రవరి 15న వచ్చింది. ప్రాజెక్టును ప్రారంభించింది 2019లో. తప్పు తేలేసరికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది, బిల్లులు చెల్లించేసి ఉంటారు.

మూడోది సభ్యుల ఆసక్తి. కమిటీ పని వార్తల్లో రాదు, ఓట్లు తేదు. కోరం (కనీస హాజరు) లేక సమావేశం వాయిదా పడితే నియోజకవర్గంలో ఎవరికీ తెలియదు. ఈ ఒక్కదాన్ని మాత్రం ప్రజలు మార్చగలరు.

నివేదికలు ఎక్కడ దొరుకుతాయి?

సభకు సమర్పించాక అవి బహిరంగ పత్రాలు. అంతకుముందు కమిటీ గదిలో చెప్పిన సాక్ష్యం, ముసాయిదా గోప్యం. వాటిని బయటపెట్టడం సభాహక్కుల ఉల్లంఘన. కాగ్ నివేదికలు కాగ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కమిటీ నివేదిక దొరక్కపోతే శాసనసభ సచివాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. ‘సభాహక్కులకు భంగం’ అన్న కారణంతో నిరాకరించే వీలు 8(1)(సి) సెక్షన్‌లో ఉంది, కాబట్టి సమర్పించిన నివేదికనే, దాని తేదీతో అడగండి. తీసుకున్న చర్యల పట్టికను సంబంధిత శాఖను అడిగితే త్వరగా వస్తుంది.

మా ఎమ్మెల్యేను ఏం అడగాలి?

ఏ కమిటీలో సభ్యులు, గత ఏడాది ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎన్నింటికి హాజరయ్యారు, మన జిల్లాకు చెందిన ఏ ఆడిట్ పేరా విచారణకు వచ్చింది, దాని మీద శాఖ ఏం రాసిచ్చింది. ఏ కమిటీలోనూ లేకపోతే పక్క నియోజకవర్గం సభ్యుడిని అడగండి. ఉమ్మడి జిల్లాలో ఎవరో ఒకరు ఉంటారు. మండలి సభ్యులనూ వదలొద్దు. నల్లగొండ-ఖమ్మం-వరంగల్, మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల, ఉపాధ్యాయ స్థానాల నుంచి గెలిచినవాళ్లకు కూడా ఈ కమిటీల్లో కూర్చునే అర్హత ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపులో అడగడం కన్నా ఉత్తరంగా రాసి, ప్రతి దగ్గర ఉంచుకోండి. వచ్చే సమావేశాలకు ముందు అదే ఉత్తరం తేదీ చూపించి మళ్లీ అడగవచ్చు.